యాప్‌లో 6 లక్షలు ఉన్నాయి సరే, డబ్బు వెళ్లింది ఎవరి పేరు మీదికి?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. నాన్నగారు రిటైర్డ్ టీచరు. వాట్సాప్‌లో షేర్ల గ్రూపు ఒకదానిలో చేరి, వాళ్లిచ్చిన యాప్‌లో మూడు విడతలుగా 1,85,000 రూపాయలు వేశారు. యాప్‌లో ఇప్పుడు 6,40,000 కనిపిస్తోంది. తీసుకుందామంటే లాభం మీద 20 శాతం పన్ను, అంటే 91,000, ముందు కట్టమంటున్నారు. సోమవారం ఎఫ్‌డీ బ్రేక్ చేసి కట్టేద్దామని నాన్నగారు అనుకుంటున్నారు. రెండో సంగతి అమ్మగారిది. వీధిలో మరో పదకొండు మందితో కలిసి కార్తీకంలో కాశీ, అయోధ్య వెళ్లడానికి పాతపట్నంలో ఉండే ఒక ట్రావెల్స్ ఆయనకు మనిషికి 14,500 చొప్పున ఫోన్‌పే చేయబోతున్నారు. రెండూ నమ్మొచ్చా?

బాబూ, మొదటిదాని గురించి ఆలోచించడానికి ఏమీ లేదు. ఆ 91,000 కట్టనివ్వకండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆఖరి విడత లక్ష రూపాయలు మొన్ననే వెళ్లాయని రాశారు కదా, అందులో ఎంతో కొంత ఇంకా ఏదో ఒక ఖాతాలో కదలకుండా ఉండే అవకాశం ఉంది. వీళ్లు డబ్బును ఒక ఖాతాలో ఉంచరు. గంటల్లో పది ఖాతాలకు చీల్చి పంపేస్తారు. 1930లో ఫిర్యాదు నమోదైతే ఆ గొలుసులో ఎక్కడ డబ్బు దొరికితే అక్కడ ఆ బ్యాంకు ఆపుతుంది. ఆలస్యమైన ప్రతి గంటకూ దొరికేది తగ్గిపోతుంది.

ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: నాన్నగారి ఖాతా నంబరు, ఒక్కో విడత పంపిన తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ నంబరు, డబ్బు అందుకున్న ఖాతా పేరు. యూటీఆర్ అంటే పన్నెండు అంకెలదో అంతకన్నా పొడుగుదో ఒక నంబరు, మీ యాప్ హిస్టరీలోనూ పాస్‌బుక్ ఎంట్రీలోనూ ఉంటుంది. మీకు ఒడియా, హిందీ ఇబ్బంది ఉండకపోవచ్చు కాబట్టి మాట్లాడేది మీరే మాట్లాడండి, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. కంగారులో ఆయన నంబర్లు తప్పు చెప్తే ఆ ఫిర్యాదు ఎటూ కాకుండా పోతుంది. తర్వాత సైబర్ క్రైమ్ పోర్టల్లో స్క్రీన్‌షాట్లు పెట్టండి. నాన్నగారి బ్రాంచికి కూడా రాతపూర్వకంగా ఇచ్చి, మన కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈయనెవరు చెప్పడానికి అనిపిస్తుంది. నేను బ్యాంకులో 33 ఏళ్లు పనిచేశాను. గుణుపూర్, రాయగడ, బరంపురం, ఆఖరి నాలుగేళ్లు మీ ఊరే. రిటైరయ్యాక ఈ ఫిర్యాదుల కాగితాలు రాసిపెట్టడమే నాకు పొద్దుపోయే పని అయింది. ఇన్నేళ్లలో మోసాల వేషాలు మారాయి గానీ, నేను చూసే చోటు ఒక్కటే. చెప్పిన పేరు ఏమిటి, డబ్బు అందుకుంటున్న పేరు ఏమిటి? ఈ రెండూ కలవకపోతే తక్కిన కథంతా వినక్కర్లేదు.

రాయగడలో ఉండగా జరిగింది చెప్తాను. ఒక పెద్దావిడ, భర్త రైల్వేలో చేసి పోయారు, 4 లక్షల ఎఫ్‌డీ రద్దు చేసి ఆర్టీజీఎస్ చేయమని, అంటే ఆ డబ్బు వేరే బ్యాంకు ఖాతాకు పంపమని వచ్చారు. దేనికమ్మా అంటే ఇంటి రిపేరుకన్నారు. ఫారం తీసుకుని చూశాను. అందుకునేవారి పేరు గడిలో 'ఫలానా ఎంటర్‌ప్రైజెస్' అని, వాట్సాప్ బొమ్మ చూసి ఒక్కో అక్షరం దిద్దినట్టు రాశారు. బ్రాంచి ఎక్కడిదో మనం పేరు కూడా వినని ఊరు. మేస్త్రీ ఇక్కడివాడేనా అని అడిగాను. ఆవిడ మాట్లాడలేదు. ఇంతలో చేతిలో ఫోన్ మోగింది. ఎత్తకుండా బల్ల మీద బోర్లా పెట్టారు, అది అలా బల్ల మీదే వణుకుతూ ఉంది. మూడోసారి మోగాక చెప్పారు: 'బ్యాంకువాళ్లు అడిగితే ఇంటి రిపేరుకని చెప్పమన్నారు సార్, షేర్లకి.' ఏ కంపెనీ అంటే అందరికీ తెలిసిన ఒక పెద్ద బ్రోకరు పేరు చెప్పారు. ఆ పేరు ఫారం మీద ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాను. ఆవిడ వేలు ఆ ఎంటర్‌ప్రైజెస్ మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఆ ఎఫ్‌డీ రద్దు కాలేదు.

మీ నాన్నగారి మూడు విడతల్లోనూ అందుకున్న పేర్లు చూడండి. మూడూ మూడు పేర్లయి ఉంటాయని నా అంచనా. నిజమైన బ్రోకరు ప్రతిసారీ కొత్త ఖాతా ఇవ్వడు. ఈ ఖాతాలు వాళ్లవి కూడా కావు. కమిషన్ ఆశ చూపి కూలీల దగ్గరా, కాలేజీ పిల్లల దగ్గరా అద్దెకు తీసుకున్నవి.

ఇప్పుడు ఆ 20 శాతం. ఇది మోసగాళ్లు బాగా లెక్క వేసుకుని పెట్టిన అంకె. ఏడాదిలోపు అమ్మిన షేర్ల లాభం మీద పన్ను 2024 జులై 23 నుంచి నిజంగానే 20 శాతం. నాన్నగారు ఎక్కడైనా వాకబు చేసినా 'అవును, ఇరవయ్యే' అంటారు. కానీ ఆ పన్ను మన దేశంలో ఉంటున్నవాళ్లు తామే ఆదాయపు పన్ను శాఖకు, ముందస్తు పన్నుగానో రిటర్ను వేసేటప్పుడో కడతారు. డబ్బు వెనక్కి ఇవ్వడానికి ముందు బ్రోకరు వసూలు చేసేది కాదు. ఒకవేళ అలాంటిదేదో ఉందనుకున్నా, 6,40,000 వాళ్ల దగ్గరే ఉంది కదా, అందులోంచి కోసుకుని మిగతాది ఇవ్వమనండి. ఈ ఒక్క మాట అడిగి చూడండి, సమాధానంగా 'రూల్ ఒప్పుకోదు' అని వస్తుంది.

యాప్‌లో కనిపించే 6,40,000 డబ్బు కాదు. వాళ్లు టైపు చేసిన అంకె. నాన్నగారికి ఇది నోటితో చెప్తే నమ్మరు, నాకు తెలుసు. ఇలా చేయండి. మన పేరున నిజంగా షేరు కొంటే అది డీమ్యాట్ ఖాతాలో, అంటే షేర్లు మన పేరున దాచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే సంస్థ దగ్గర పడుతుంది. కొన్నరోజు స్టాక్ ఎక్స్చేంజి నుంచి ఎస్సెమ్మెస్ గానీ మెయిల్ గానీ వస్తుంది. లావాదేవీ జరిగిన నెలకు స్టేట్‌మెంటు వస్తుంది. నాన్నగారి ఫోన్ ఇమ్మని, ఆ తేదీల్లో అలాంటి మెసేజి ఒక్కటైనా ఉందేమో ఇద్దరూ కలిసి వెతకండి. లేదంటే షేర్లే కొనలేదు. కొనని షేరుకి లాభం ఏమిటి, పన్ను ఏమిటి? ఆయన టీచరు గారు కదా, లెక్క చూపిస్తే ఒప్పుకుంటారు.

గ్రూపులో 'ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్', 'ఐపీఓలో గ్యారంటీ అలాట్‌మెంట్', 'విదేశీ ఫండ్ కోటా' లాంటి మాటలు వచ్చే ఉంటాయి. విదేశీ పెట్టుబడిదారుల దారిలో ట్రేడింగు చేయిస్తామనే యాప్‌లన్నీ మోసమని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మనబోటి వాళ్లకి అలాంటి దారే లేదు. గ్రూపులో ఉన్న నూట యాభై మందిలో లాభాల స్క్రీన్‌షాట్లు పెట్టి దండాలు పెట్టేవాళ్లు చాలామంది వాళ్ల మనుషులే.

మొదట్లో 4,000 వెనక్కి ఇచ్చారు కాబట్టి నమ్మకం కుదిరిందని రాశారు. ఆ 4,000 ఇంకెవరో మీ నాన్నలాంటాయన వేసిన డబ్బు అయ్యుండొచ్చు. ఆయన ఫిర్యాదు చేస్తే ఆ గొలుసులో నాన్నగారి ఖాతా కూడా వస్తుంది, బ్యాంకు అందులో కొంత మొత్తం ఆపవచ్చు. అలా జరిగితే భయపడకండి, కానీ మీ ఫిర్యాదు ముందే నమోదై ఉంటే మాట్లాడటం తేలిక. పెన్షను అదే ఖాతాలో పడుతుంటే మరీ త్వరగా చేయండి.

ఇకముందు ఎవరికైనా పెట్టుబడి డబ్బు యూపీఐలో పంపాల్సి వస్తే ఒక గుర్తు చెప్తాను. 2025 అక్టోబరు 1 నుంచి సెబీ దగ్గర నమోదైన బ్రోకర్లకూ మ్యూచువల్ ఫండ్లకూ ప్రత్యేకమైన యూపీఐ ఐడీలు వచ్చాయి. ఐడీలో 'ఎట్' గుర్తు తర్వాత 'వ్యాలిడ్' అనే మాట, దాన్ని ఆనుకుని బ్యాంకు పేరు ఉంటాయి. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో పైకెత్తిన బొటనవేలి బొమ్మ కనిపిస్తుంది. సెబీ చెక్ అనే సదుపాయంలో ఆ ఐడీ గానీ, బ్యాంకు ఖాతా నంబరు గానీ కొట్టి చూసుకోవచ్చు. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లో కూడా 2025 ఏప్రిల్ నుంచి డబ్బు పంపేముందే అందుకునే ఖాతా అసలు పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. అంటే పేరు చూసే వీలు ఇప్పుడు అందరికీ ఉంది. తొందరలో మనమే ఆ తెర మీద పచ్చ బటన్ తప్ప ఇంకేదీ చూడం.

నేనేమీ పుట్టు తెలివిగలవాణ్ణి కాను. 2011లో బరంపురంలో ఉండగా మా బావమరిది, అంటే చెల్లెలి భర్త, ఒక డిపాజిట్ కంపెనీకి ఏజెంటు. ఐదేళ్లలో రెట్టింపన్నాడు. ఇంటల్లుడిని కాదనలేక 40,000 ఇచ్చాను. రసీదు కంపెనీ పేరు మీద వచ్చింది, నెల తర్వాత వచ్చిన బాండు మాత్రం ఏదో సొసైటీ పేరు మీద ఉంది. అంచులకు బంగారు రంగు, ప్లాస్టిక్ కవరు. రోజూ వందల ఫారాల్లో పేర్లు సరిచూసే మనిషిని, నా కాగితాల్లో రెండు పేర్లు వేరని చూడలేదు. 2013లో ఆఫీసుకి తాళం. బావమరిది రెండేళ్లు మా ఇంటి గడప తొక్కలేదు, మా అత్తగారి సంవత్సరీకానికి కూడా వెనక బెంచీలో కూర్చుని వెళ్లిపోయాడు. 40,000 కంటే అది ఎక్కువ బాధ పెట్టింది. ఆ రోజుల్లో ఒడిశాలో ఇలాంటి కంపెనీలు ఎన్ని లేచాయంటే, 2014 మేలో సుప్రీంకోర్టు ఆ కేసులను సీబీఐకి అప్పగించాల్సి వచ్చింది.

ఇక్కడ మన తెలుగువాళ్లకి ఒక చిక్కు ఉంది. ఒడియా పేపర్లలో ఈ కంపెనీలన్నిటినీ 'చిట్ ఫండ్' అని రాశారు. మనకేమో చీటీ అంటే చిన్నప్పటినుంచీ తెలిసిన వ్యవహారం, అమ్మ కట్టింది, పిన్ని పాడింది. దాంతో 'చిట్టే కదా' అని ఒకడు ధైర్యంగా వేస్తాడు, 'చిట్ అంటేనే మోసం' అని ఇంకొకడు రిజిస్టరైన చీటీకి కూడా భయపడతాడు. రెండూ ఒకటి కాదు. 1982 చట్టం కింద నడిచే చీటీలో రిజిస్ట్రారు ముందస్తు అనుమతి ఉత్తర్వు ఉంటుంది, నడిపేవాడు చీటీ మొత్తానికి సమానమైన పూచీ చూపించాలి, అతని కమిషన్ 7 శాతం దాటకూడదు. ఆ ఉత్తర్వు నంబరు అడగండి, చెప్పినవాడు చీటీ నడుపుతున్నాడు, కోపం తెచ్చుకున్నవాడు వేరే ఏదో నడుపుతున్నాడు. డిపాజిట్లు తీసుకునే ఏ సంస్థ గురించి అనుమానం ఉన్నా రిజర్వు బ్యాంకు వాళ్ల సచేత్ పోర్టల్లో చూసుకోవచ్చు, అక్కడే ఫిర్యాదు కూడా పెట్టవచ్చు.

ఇంకో మాట, ఇది ముందే చెప్పి ఉంచుతాను. ఫిర్యాదు చేసిన పది రోజుల్లో నాన్నగారికి ఇంకో ఫోన్ వస్తుంది. 'మీ డబ్బు రికవర్ చేస్తాం, ఫైలు ఖర్చు 5,000' అని. మొదటివాళ్లే, లేదా వాళ్ల దగ్గర జాబితా కొనుక్కున్నవాళ్లు. సహారా సొసైటీల డిపాజిట్లు వెనక్కి ఇచ్చే ప్రభుత్వ పోర్టల్ 2023 జులైలో వచ్చినప్పుడు కూడా మా వీధిలో ఫారానికి 500 చొప్పున వసూలు చేసి మాయమైనవాళ్లు ఉన్నారు. ఆ పోర్టల్లో దరఖాస్తుకి ఒక్క పైసా అక్కర్లేదు.

సరే, అమ్మగారి యాత్ర.

ఆ ట్రావెల్స్ ఆయన మోసగాడని నేననను. మన సరిహద్దు ఊళ్లలో ఏటా యాత్రలు తిప్పే నిజాయితీపరులు చాలామంది ఉన్నారు, చాలామందికి బోర్డు కూడా ఉండదు. కానీ ఆయన చెప్పిన ఒక మాట దగ్గర నేను ఆగాను. 'రైలు టికెట్లు కన్ఫర్మ్ అయిపోయాయి, ఈ వారంలో డబ్బు కట్టకపోతే సీట్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను' అన్నారట. ఇప్పుడు ఆషాఢం. కార్తీక పౌర్ణమికి నాలుగు నెలలుంది. 2024 నవంబరు 1 నుంచి మామూలు రైళ్ల రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుచుకుంటుంది, అంతకు ముందు 120 ఉండేది. బుకింగే తెరవని రైలుకి కన్ఫర్మ్ టికెట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది? పాత లెక్క అలవాటులో అన్నారో, తొందర పెట్టడానికి అన్నారో తెలియదు. భారత్ గౌరవ్ లాంటి యాత్రా రైలైతే ముందే బుక్ చేయవచ్చు, అలాంటప్పుడు రైలు పేరు, టూరు కోడు చెప్పమనండి, ఐఆర్‌సీటీసీ టూరిజం సైటులో మీరే చూసుకోవచ్చు.

ఇంకోటి, అమ్మగారి పేరు, వయసు ఇంకా ఆయన తీసుకోనే లేదని రాశారు. రిజర్వేషన్ టికెట్టు ప్రయాణికుల పేరు మీద ఉంటుంది. పేర్లు లేకుండా పన్నెండు టికెట్లు కొన్నారంటే అవి వేరేవాళ్ల పేర్ల మీదైనా ఉండాలి, అసలు లేకనైనా పోవాలి. వేరేవాళ్ల పేరు మీద ప్రయాణిస్తే రైల్లోంచి దించేయవచ్చు, డెబ్బై ఏళ్లవాళ్లని పట్టుకుని రాత్రిపూట ఏ స్టేషన్లో దిగుతాం?

కాబట్టి అమ్మగారు ఆయనతో గొడవపడక్కర్లేదు. 'బాబూ, ముందు మనిషికి 2,000 అడ్వాన్సు ఇస్తాం, బుకింగు తెరిచాక మా పేర్లతో పీఎన్‌ఆర్ వచ్చిన రోజు రైలు ఛార్జీ ఇస్తాం, మిగతాది కాశీలో గది చేతికొచ్చాక' అంటే చాలు. యాత్రలు నిజంగా తిప్పేవాడు బేరం ఆడతాడు, 2,000 కాదు 4,000 అంటాడు. బేరానికే రానివాడి దగ్గర నేనైతే ఆగిపోతాను. పీఎన్‌ఆర్ చేతికొచ్చాక 139కి ఫోన్ చేసి చూడండి. వాట్సాప్‌లో వచ్చిన టికెట్టు బొమ్మ చూసి సంతోషపడకండి, అది తయారుచేయడం పది నిమిషాల పని.

రసీదు మీద జీఎస్టీ నంబరు ఉంటే అదీ చదవండి. పదిహేను అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: ఒడిశా 21, ఆంధ్ర 37. తర్వాత పది అక్షరాలు యజమాని పాన్ నంబరు. మొత్తంలో ఆరో అక్షరం 'పి' అయితే వ్యక్తి, 'సి' అయితే కంపెనీ. 'ప్రైవేట్ లిమిటెడ్' అని బోర్డు పెట్టి ఆరో అక్షరం 'పి' వస్తే ఆ నంబరు ఎవరిదని అడగాలి. జీఎస్టీ సైటులో ఆ నంబరు కొడితే నమోదైన పేరు ఉచితంగా కనిపిస్తుంది. చిన్న ఆపరేటరుకి జీఎస్టీ లేకపోవడం తప్పేమీ కాదు. లేనిది ఉన్నట్టు వేసుకోవడం తప్పు.

గదుల విషయంలో నేనే దెబ్బతిన్నాను. పూరీ రథయాత్రకు రెండు రోజులకని గూగుల్లో వెతికి, పైన కనిపించిన నంబరుకి ఫోన్ చేశాను. చక్కటి హిందీలో మాట్లాడాడు, గది ఫోటోలు పంపాడు, 5,600 కట్టించుకున్నాడు. యూపీఐలో ఎవరో మనిషి పేరు వచ్చింది. మేనేజరు కాబోలు అనుకున్నాను. రథాలు నడిచే పెద్ద వీధి బడదాండ పక్క సందులో ఆ హోటలుంది, ఫోటోల్లో ఉన్న హోటలే. రిసెప్షన్లో కుర్రాడు నా ఫోన్లో రసీదు చూడకముందే రిజిస్టరు నా వైపు తిప్పి, 'పొద్దుట్నుంచి మీరు ఐదోవారు సార్' అన్నాడు. ఆ రాత్రి నేనూ మా ఆవిడా ఒక ధర్మశాల వరండాలో దుప్పటి పరుచుకున్నాం. మ్యాప్‌లో కనిపించే హోటలు ఫోన్ నంబరు మార్చమని ఎవరైనా సూచన పెట్టవచ్చని నాకు తర్వాత తెలిసింది. పుణ్యక్షేత్రాల గదులు, కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్ల పేరుతో నకిలీ సైట్లు నడుస్తున్నాయని కేంద్ర హోంశాఖ సైబర్ విభాగం 2025 ఏప్రిల్లో హెచ్చరించింది. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్టు ఐఆర్‌సీటీసీ హెలీయాత్రలో, తిరుమల 300 రూపాయల దర్శనం టీటీడీ సొంత సైటులో తీసుకోవాలి. మధ్యలో ఎవరైనా 'కోటా ఉంది' అంటే ఫోన్ పెట్టేయండి.

మన ఊళ్లకి మరో ఇబ్బంది. మీరు ఒడిశాలో, ట్రావెల్స్ ఆయన మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలో. రేపేదైనా తేడా వస్తే ఇటు స్టేషన్లో అటు వెళ్లమంటారు, అటు వెళ్తే ఇటు పొమ్మంటారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆ సెక్షన్ నంబరు మర్యాదగా, కాగితం మీద రాసి ఇవ్వండి.

అన్నిటికంటే నన్ను కంగారు పెట్టింది మీ ప్రశ్నలో ఆఖరి వాక్యం. పదకొండు మందీ డబ్బు అమ్మగారి ఫోన్‌పేకి పంపుతున్నారు, అమ్మగారు అంతా కలిపి 1,74,000 ఆయనకు ఒకేసారి పంపుతారు అని. వద్దు. యాత్ర ఆగిపోతే వాళ్లు పాతపట్నం వెళ్లరు, మీ ఇంటి అరుగు మీదికే వస్తారు. వాళ్లకి ఉన్న ఒకే ఒక రుజువు అమ్మగారి పేరు మీద వెళ్లిన డబ్బు. ఎవరి డబ్బు వాళ్లే పంపి, ఎవరి పేరున వాళ్లే రసీదు తీసుకోమని చెప్పండి. ఇప్పటికే నలుగురు పంపేశారన్నారు, ఆ 58,000 ఈ రోజే ఎవరిది వాళ్లకి వెనక్కి వేయించండి. ఎందుకని అడిగితే, బ్యాంకులో పనిచేసిన ఒకాయన వద్దన్నాడని నా మీద పెట్టమనండి.